కరాలా, షాకిల్‌ఫర్డ్ గుర్రాలు: దీవుల్లో చిక్కుకున్న మందల జన్యు వైవిధ్యంపై ఒక కేస్ స్టడీ

అమెరికాలో ఉత్తర కరోలినా తీరం వెంట సన్నని ఇసుక దీవుల వరుస ఉంది. దాన్ని ఔటర్ బ్యాంక్స్ అంటారు. ఒకప్పుడు మనుషుల దగ్గర పెరిగి, తర్వాత తరాల తరబడి వాటంతటవే బతుకుతున్న గుర్రాలు అక్కడ ఉన్నాయి. ఉత్తరాన కరిటక్ కౌంటీలో కరాలా మంద, దక్షిణాన కేప్ లుకౌట్ నేషనల్ సీషోర్‌లో షాకిల్‌ఫర్డ్ మంద. రెండూ పాత స్పానిష్ వలస గుర్రాల సంతతిగానే గుర్తింపు పొందాయి. రెండూ తినేది దాదాపు ఒకే రకం ఉప్పుగడ్డి. అయినా జన్యుపరంగా షాకిల్‌ఫర్డ్ మంద కాస్త నిలదొక్కుకుంది, కరాలా మంద అంచున ఉంది. ఈ తేడాకి కారణాలు పరిశీలిస్తే, ప్రపంచంలో ఎక్కడైనా ఇలా విడిపడిపోయిన మందను కాపాడేవాళ్లకు పనికొచ్చే విషయాలు చాలా దొరుకుతాయి.

వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఏ ఆడగుర్రానికి గర్భనిరోధక టీకా వేయాలి, దేన్ని దీవి దాటించాలి, దేన్ని వదిలేయాలి అనే ప్రతి చిన్న నిర్ణయం నేరుగా జన్యు నిర్ణయమే. అవి తీసుకునే వాళ్ల చేతిలో వంశావళి పుస్తకం లేకపోతే, ఎంత ప్రేమతో చేసినా అది గుడ్డిగా చేసే పనే.

రెండు మందల నేపథ్యం

కరాలా గుర్రాలకు మిగిలిన చోటు సుమారు 7,500 ఎకరాలు. అందులో ప్రభుత్వ భూమి ఉంది, ప్రైవేటు ఇళ్ల స్థలాలూ ఉన్నాయి. 1980ల మధ్యలో అక్కడికి తారు రోడ్డు రావడంతో వాహనాలు గుర్రాలను గుద్దడం మొదలైంది. చివరికి సముద్రం నుంచి సౌండ్ (దీవుల వెనక ఉన్న జలభాగం) దాకా అడ్డంగా కంచె వేసి, మందను రోడ్డు లేని ఉత్తర భాగానికి తరలించారు. దాంతో ప్రమాదాలు తగ్గాయి గానీ, అటూ ఇటూ రాకపోకలకు ఉన్న దారీ పూర్తిగా మూసుకుపోయింది. పైగా 1990ల చివర్లో తయారైన నిర్వహణ ప్రణాళిక మందను 60 గుర్రాలకు పరిమితం చేసింది. ఆ అంకె మేత, భూమి లెక్కల్లోంచి వచ్చింది, జన్యు లెక్కల్లోంచి కాదు. సంఖ్యను 110 నుంచి 130 మధ్య ఉంచాలని, షాకిల్‌ఫర్డ్ నుంచి గుర్రాలను తెచ్చి కలపాలని కోరిన బిల్లు 2012లోనూ 2013లోనూ అమెరికా ప్రతినిధుల సభలో నెగ్గింది, కానీ చట్టం కాలేదు.

షాకిల్‌ఫర్డ్ దారి వేరు. అది దాదాపు 14 కిలోమీటర్ల పొడవున్న దీవి, జనం ఉండరు. 1996లో మందనంతా పట్టి ఈక్వైన్ ఇన్‌ఫెక్షియస్ ఎనీమియాకు (వైరస్ వల్ల గుర్రాలకు సోకే రక్తహీనత జబ్బు) రక్తపరీక్ష చేశారు. పాజిటివ్‌గా తేలిన 76 గుర్రాలను చంపేశారు. జనంలో పుట్టిన ఆగ్రహం వల్ల 1998లో ఆ మందకంటూ ప్రత్యేక చట్టం వచ్చింది. 2005 సవరణ ప్రకారం సంఖ్య 110కి తగ్గకూడదు, లక్ష్యం 120 నుంచి 130. జన్యు సలహా ప్రకారం పెట్టిన కనీస సంఖ్యకు చట్టం అండ దొరకడం ఇలాంటి మందల విషయంలో అరుదు. కరాలాకు లేనిది అదే.

60 అంటే నిజానికి ఎన్ని?

మందలో ఎన్ని తలలున్నాయో జన్యువులకు పట్టదు. ఎన్ని మగ గుర్రాలు, ఎన్ని ఆడ గుర్రాలు నిజంగా తర్వాతి తరానికి పిల్లల్ని ఇస్తున్నాయో అదే లెక్కలోకి వస్తుంది. దాన్ని ఎఫెక్టివ్ సంఖ్య అంటాం. సులువైన సూత్రం ఇది: కంటున్న మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని 4తో గుణించి, ఆ రెండు సంఖ్యల మొత్తంతో భాగించాలి.

కరాలా ప్రణాళికలో రాసిన 60 అంకెనే తీసుకుని ఉదాహరణ చూద్దాం. పిల్లల్నీ, ముసలివాటినీ, గుంపు దొరకని కుర్ర మగ గుర్రాల్నీ పక్కనపెడితే 25 ఆడగుర్రాలు, 8 మగ గుర్రాలు కంటున్నాయనుకుందాం. 4 × 8 × 25 అంటే 800, దాన్ని 33తో భాగిస్తే 24. అంటే 60 తలల మంద జన్యుపరంగా 24 లాగే ప్రవర్తిస్తుంది. తరానికి పోయే హెటిరోజైగోసిటీ (ఒకే జన్యువుకు తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి వేరే రూపం వచ్చి ఉండటం) ఈ సంఖ్య రెట్టింపులో ఒక వంతు, అంటే సుమారు 2 శాతం. పది తరాల్లో దాదాపు 19 శాతం పోతుంది. అదే ఆడగుర్రాలతో 16 మగ గుర్రాలకు తండ్రులయ్యే అవకాశం దొరికితే ఎఫెక్టివ్ సంఖ్య 39 అవుతుంది, పది తరాల నష్టం 12 శాతానికి తగ్గుతుంది. మందలో ఒక్క తల కూడా పెరగకుండానే ఇంత తేడా వస్తుంది.

నిజంలో పరిస్థితి ఈ సూత్రం చెప్పేదానికన్నా దారుణంగానే ఉంటుంది. ఆడగుర్రాలన్నీ సమానంగా కనవు. ఒక్కోటి జీవితంలో పది పిల్లల్ని నిలబెడుతుంది, ఇంకోటి ఒక్కదాన్నీ నిలబెట్టదు. మంద ఒక్క తరంలో కుంగినా దాని మచ్చ చాలాకాలం ఉంటుంది, ఎందుకంటే తరాల మీద సగటు తీసేటప్పుడు హార్మోనిక్ సగటు (చిన్న అంకెలకు ఎక్కువ బరువిచ్చే సగటు) తీయాలి. నాలుగు తరాల్లో ఎఫెక్టివ్ సంఖ్య 60, 60, 15, 60గా ఉంటే మామూలు సగటు 49 దాకా వస్తుంది, అసలు విలువ మాత్రం 34. షాకిల్‌ఫర్డ్‌లో 1996లో పోయిన 76 గుర్రాలు అలాంటి కుంగుబాటే. తర్వాత తలల సంఖ్య కోలుకోవచ్చు, ఆ రోజు పోయిన అరుదైన అల్లీళ్లు (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలు) మాత్రం తిరిగి రావు. 5 శాతం ఫ్రీక్వెన్సీలో ఉన్న అల్లీల్ ఒకటి పది గుర్రాల గుండా తర్వాతి తరానికి చేరే అవకాశం 64 శాతమే.

ప్రభుత్వ భూములను చూసే అమెరికా బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ 2010 హ్యాండ్‌బుక్ ఎఫెక్టివ్ సంఖ్య 50 నిలవాలంటే 150 నుంచి 200 గుర్రాలు కావాలని చెప్పింది ఈ కారణాల వల్లే. అంత పెద్ద మందను మోయగల దీవులు తక్కువ. అందుకే మిగతా దారులు ముఖ్యమవుతాయి.

నమూనాలు, ల్యాబ్ ఫలితాలు: తప్పు ఎక్కడ జరుగుతుంది

గుర్రాన్ని పట్టగలిగితే జూలు లేదా తోక నుంచి 20 నుంచి 30 వెంట్రుకలు కుదుళ్లతో సహా లాగాలి. కత్తిరించిన వెంట్రుక ఈ పనికి వృథా, మైక్రోశాటిలైట్ (గుర్రానికీ గుర్రానికీ నిడివి మారే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పరీక్షకు కావలసిన డీఎన్‌ఏ కుదురులోనే ఉంటుంది. కాగితం కవర్లో వేసి పొడిచోట ఉంచాలి. ప్లాస్టిక్ కవర్లో తేమ నిలిచి బూజు పడుతుంది. ఆ హ్యాండ్‌బుక్ సూచన ప్రకారం కనీసం 25 గుర్రాలవి, లేదా పట్టివేత తర్వాత మిగిలిన మందలో 25 శాతం నమూనాలు ఉండాలి. కరాలా, షాకిల్‌ఫర్డ్ వంటి చిన్న మందల్లో అయితే శాతాల ఊసే వద్దు, మొత్తం మంద నమూనాలు తీయడమే సరైనది. ఒకే గుంపు నుంచి 25 తీస్తే అందులో సగం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే ఉంటాయి. ఫలితం మంద గురించి కాక ఒక కుటుంబం గురించి చెబుతుంది.

పట్టడం కుదరనిచోట పేడ పనికొస్తుంది. వేసింది ఏ గుర్రమో కళ్లతో చూసి, అప్పుడే పడిన ఉండ పైపొరను మాత్రమే స్వాబ్‌తో తుడవాలి, పేగు కణాలు ఉండేది అక్కడే. లోపలి పదార్థం తీస్తే గడ్డి డీఎన్‌ఏ, బ్యాక్టీరియా డీఎన్‌ఏ తప్ప ఏమీ రాదు. పేడ నమూనాలో వచ్చే పెద్ద చిక్కు ఒక అల్లీల్ పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ప్రతుల్ని పెంచే ల్యాబ్ పద్ధతి) కనిపించకుండా జారిపోవడం. అప్పుడు హెటిరోజైగస్ గుర్రం హోమోజైగస్‌గా (రెండూ ఒకే రూపం ఉన్నట్టు) కనిపిస్తుంది, మంద ఉన్నదానికన్నా ఎక్కువ అంతఃప్రజననంలో (దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తిలో) ఉన్నట్టు తేలుతుంది. అందుకే హోమోజైగస్‌గా వచ్చిన ప్రతి ఫలితాన్నీ కనీసం మూడుసార్లు విడివిడిగా చేయించి సరిపోలితేనే రాసుకోవాలి.

మార్కర్లలో (పరీక్షలో చూసే డీఎన్‌ఏ ముక్కలు) ఏహెచ్‌టీ4, ఏఎస్‌బీ2, హెచ్‌ఎంఎస్7, హెచ్‌టీజీ10, వీహెచ్ఎల్20 వంటి అంతర్జాతీయ ప్యానెల్‌నే వాడటం మంచిది, ఇతర మందలతో పోల్చడానికి వీలుంటుంది. ఎల్‌ఈఎక్స్3 మాత్రం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాటిలో అది ఎప్పుడూ ఒకే అల్లీల్ చూపిస్తుంది కాబట్టి హెటిరోజైగోసిటీ లెక్కలోంచి తీసేయాలి. మర్చిపోతే అంకె పడిపోతుంది, లేని భయం పుడుతుంది.

దీనికి ఎదురుగా, ఉన్న ప్రమాదం కనపడకుండా పోయే సందర్భం కూడా ఉంది. కొద్ది మగ గుర్రాలే తండ్రులైన చిన్న మందలో తల్లుల వైపు, తండ్రుల వైపు అల్లీల్ ఫ్రీక్వెన్సీలు తేడాగా ఉంటాయి. దాని వల్ల పిల్లల్లో హెటిరోజైగోట్లు లెక్కకన్నా ఎక్కువ కనిపిస్తాయి, ఎఫ్‌ఐఎస్ (మందలో అంతఃప్రజననాన్ని కొలిచే అంకె) మైనస్‌లోకి పోతుంది. దాన్ని చూసి అంతఃప్రజననం లేదని నిశ్చింతగా కూర్చుంటే పెద్ద పొరపాటు. అది ఆరోగ్యానికి గుర్తు కాదు, తండ్రులు కొద్దిమందే ఉన్నారనడానికి గుర్తు. అందుకే హెటిరోజైగోసిటీతో పాటు ఒక్కో మార్కర్‌కు ఎన్ని అల్లీళ్లు మిగిలాయో తప్పక చూడాలి. కుంగుబాటు తర్వాత ముందు రాలిపోయేవి అల్లీళ్లే, హెటిరోజైగోసిటీ చాలా నెమ్మదిగా తగ్గుతుంది.

మైక్రోశాటిలైట్ల మీద గమనించిన హెటిరోజైగోసిటీ 0.66 కన్నా తగ్గితే ప్రమాద స్థాయి అని ఆ హ్యాండ్‌బుక్ గీత గీసింది. పాత రక్త ప్రోటీన్ పరీక్షలకైతే ఆ గీత 0.31. రెండు రకాల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పాత నివేదికల్లో ఈ గందరగోళం తరచూ కనిపిస్తుంది.

వంశావళి పుస్తకం

ప్రతి గుర్రానికీ ఒక పేజీ. రెండు వైపుల నుంచీ, ముందు నుంచీ ఫొటోలు, నుదుటి మచ్చ, కాళ్ల తెలుపు, జూలు ఏ పక్కకు పడుతుంది, సుడులు, గాయాల గుర్తులు, తల్లి ఎవరు, ఏ గుంపులో ఉంది, ఏ ఏడు ఏ పిల్ల పుట్టింది. తల్లి పేరు దగ్గర అనుమానం తక్కువ, పిల్ల పాలు తాగేది ఎక్కడో కళ్లకు కనిపిస్తుంది. తండ్రి దగ్గర మాత్రం డీఎన్‌ఏ లేకుండా పేరు రాయకూడదు. గ్రేట్ బేసిన్ గుర్రాల మీద 1990లో వచ్చిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు పిల్లలకు గుంపు పెద్ద తండ్రి కాదని తేలింది. గుంపు పెద్దనే తండ్రిగా రాసుకుంటూ పోతే రెండు తరాల్లో ఆ పుస్తకం మీద వేసే లెక్కలన్నీ తప్పుతాయి.

సరైన పుస్తకం ఉంటే ప్రతి గుర్రానికీ సగటు బంధుత్వం కట్టవచ్చు. తల్లికీ బిడ్డకీ మధ్య బంధుత్వ విలువ 0.25, ఒక తల్లికో తండ్రికో పుట్టిన సగం తోబుట్టువుల మధ్య 0.125. ఒక గుర్రానికి మందలో బతికున్న ప్రతిదానితోనూ, తనతో తనకూ, ఉన్న విలువల్ని కూడి సగటు తీస్తే మందలో దాని జన్యువులు ఎంత విరివిగా ఉన్నాయో తెలుస్తుంది. పదహారేళ్ల ఆడగుర్రం ఒకటి ఆరుగురు పిల్లలతో, నలుగురు మనవలతో ఉంటే దాని సగటు ఎక్కువ. తన తల్లి వంశంలో మిగిలిన చివరి ఐదేళ్ల ఆడగుర్రం సగటు తక్కువ. రెండూ గర్భం దాల్చగలిగితే పిల్ల ఎవరి నుంచి రావాలో ఇక వాదించక్కర్లేదు. షాకిల్‌ఫర్డ్‌లో ఏటా ఎవరికి టీకా, ఎవరిని తరలించాలి అని తేల్చేటప్పుడు వంశాల ప్రాతినిధ్యాన్ని చూస్తూ వచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ మంద నిలబడటంలో ఈ ఓపిక పాత్ర చాలా పెద్దది.

గర్భనిరోధకం జన్యువులకు మేలు చేసేదెప్పుడు

పీజడ్‌పీ టీకా (ఆడగుర్రం గర్భం దాల్చకుండా ఆపేది) మీద మంచి పాఠం ఇదే తీరంలో ఉత్తరాన, ఆసటీగ్ దీవి మేరీల్యాండ్ భాగంలో ఉంది. అక్కడ 1960ల చివర్లో ఇరవై పైచిలుకు గుర్రాలతో మొదలైన మంద 2001 నాటికి సుమారు 175కి పెరిగింది. 1994 నుంచి మందంతటికీ టీకా వాడి క్రమంగా 100 లోపుకు దించారు. పట్టివేతలతో ఒక్కసారిగా ఊడ్చేసే పద్ధతి కన్నా ఇది మెరుగు, ఎందుకంటే ఏ వంశమూ ఒకే రోజున మాయమైపోదు. ప్రతి ఆడగుర్రానికీ మందలో తన వంతు సంతానం మిగిలేలా చూసి, తర్వాత టీకా కొనసాగించడం అప్పట్లో అక్కడి పద్ధతి. పిల్లల సంఖ్యలో హెచ్చుతగ్గులు తగ్గితే ఎఫెక్టివ్ సంఖ్య పెరుగుతుంది. చిన్న వయసు ఆడగుర్రాలకు టీకా వేసి మొదటి కాన్పును వెనక్కి జరిపితే తరం నిడివీ పెరుగుతుంది. పైన వేసిన ఎఫెక్టివ్ సంఖ్య 24నే తీసుకుంటే, తరం 8 ఏళ్లయితే వందేళ్లలో నష్టం 23 శాతం, 11 ఏళ్లయితే 17 శాతం.

పని తీరు ఇలా ఉంటుంది. ఒక డోసులో 100 మైక్రోగ్రాముల పీజడ్‌పీ, అర సీసీ ద్రవంలో. దానికి అర సీసీ ఎడ్జువెంట్ (టీకా ప్రభావాన్ని పెంచే నూనె పదార్థం) కలపాలి. రెండు గాజు సిరంజిలను కనెక్టర్‌తో జోడించి అటూ ఇటూ వందసార్లు నెడితే చిక్కటి తెల్లని ఎమల్షన్ అవుతుంది. నీరు, నూనె వేరుపడుతుంటే అది పనికిరాదు. తొడ లేదా పిరుదు కండలోకి డార్ట్ వేయాలి. మొదటి ఏడు కనీసం రెండు వారాల ఎడంతో రెండో డోసు, ఆపైన ఏటా ఒకటి, అదీ జతకట్టే వసంతకాలానికి ముందే. గుర్రానికి గర్భం దాదాపు 11 నెలలు కాబట్టి ఈ వసంతంలో వేసిన టీకా ఫలితం వచ్చే ఏటి పిల్లల్లోనే కనిపిస్తుంది. ఇది తెలియక మొదటి ఏడే టీకా విఫలమైందని తీర్మానించే వాళ్లున్నారు.

ఇక తప్పులు. డార్ట్ తగిలి మందు లోపలికి పోకుండానే రాలిపోతుంది. ప్రతి డార్ట్‌నూ వెతికి తెచ్చి ప్లంజర్ పూర్తిగా దిగిందో లేదో చూసి పుస్తకంలో రాయాలి. ఒకే రంగు గుర్రాలున్న మందలో ఒకదానికి బదులు దాని చెల్లెలికి తగులుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, వరుసగా ఐదారేళ్లకు పైగా టీకా పడిన ఆడగుర్రం తిరిగి కనడానికి చాలా ఏళ్లు పట్టవచ్చు, కొన్ని అసలు కనవు. మందలో సంతానం లేని ఆడగుర్రానికి అంతకాలం వేశారంటే ఆ వంశాన్ని చేతులారా ఆపేసినట్టే. ఆసటీగ్‌లో ఇంకోటి బయటపడింది. కాన్పుల భారం తగ్గిన ఆడగుర్రాలు చాలా ఎక్కువ కాలం బతికాయి. టీకా పడనివి సగటున ఆరేడేళ్లకు చనిపోతే, మూడేళ్లకు మించి టీకా పడినవి ఇరవై ఏళ్ల దరిదాపుల దాకా బతికాయి. అందువల్ల సంఖ్య తగ్గడం అనుకున్నదానికన్నా ఆలస్యమవుతుంది. మందలో ముసలివి పెరిగి కనగలవాటి వాటా తగ్గుతుంది. తల లెక్క చూసి సంతోషించే లోపు ఎఫెక్టివ్ సంఖ్య కింద నుంచి కరిగిపోతుంది.

కొత్త రక్తం: కరాలా 2014

కరాలా మందలో ఒకే ఒక్క తల్లి వంశం మిగిలింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది కాబట్టి ఇది సూటిగా కనిపించే నష్టం. 2014 నవంబరులో అదే రాష్ట్ర తీరంలోని సీడర్ ఐలాండ్ నుంచి ఒక మగ గుర్రాన్ని తెచ్చి ఇక్కడ వదిలారు. దాత మంద ఎంపిక సరైనదే. దగ్గరి పుట్టుక, అదే ఉప్పుగడ్డి అలవాటు, అదే దోమల మధ్య బతుకు. ఏ దొడ్లోనో పెరిగిన గుర్రాన్ని తెస్తే దీవిలో మొదటి చలికాలం దాటకపోవచ్చు, పైగా మంద పాత లక్షణాలు పలచబడతాయి.

అయితే మగ గుర్రం తెచ్చేది న్యూక్లియర్ డీఎన్‌ఏ (కణ కేంద్రకంలో ఉండే, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే డీఎన్‌ఏ) వైవిధ్యమే. తల్లి వంశం సంగతి దానితో మారదు, ఒక్కటి ఒక్కటిగానే ఉంటుంది. మగ గుర్రం గెలిస్తే ఏటా చాలా పిల్లలు కలుగుతాయి. గెలవకపోతే గుంపు దొరక్క ఏళ్ల తరబడి ఒంటరిగా తిరుగుతుంది. ఆడగుర్రమైతే గుంపులు సులువుగా కలుపుకుంటాయి, మొదటి రెండేళ్లలోనే పిల్ల వచ్చే అవకాశం ఎక్కువ, తల్లి వంశం కూడా తోడొస్తుంది. హ్యాండ్‌బుక్ కూడా తరానికోసారి, అంటే పదేళ్లకోసారి, ఒకటి రెండు పడుచు ఆడగుర్రాలను చేర్చమనే సూచిస్తుంది. కరాలా వంటి మందకు నా ఓటు ఆడగుర్రాలకే, వేర్వేరు తల్లి వంశాల నుంచి, మూడు నుంచి ఐదేళ్ల మధ్య వయసువి.

తేవడానికి ముందు చేయాల్సినవి: దాత మందలో వాటి సగటు బంధుత్వం చూడాలి, అక్కడ అరుదైన వంశాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ నింపితే ఆ మందకు అన్యాయం జరుగుతుంది. కాగిన్స్ పరీక్ష (ఈక్వైన్ ఎనీమియాకు చేసే రక్తపరీక్ష), ఇతర గుర్రాలకు కనీసం 180 మీటర్ల దూరంలో క్వారంటైన్, 60 రోజులకు మళ్లీ కాగిన్స్. ఎనీమియా వైరస్ సోకిన కొత్తలో యాంటీబాడీలు కనిపించవు కాబట్టి ఒక్క పరీక్ష సరిపోదు. 1996లో షాకిల్‌ఫర్డ్‌లో జరిగింది ఎవరికైనా గుర్తుంటే ఈ 60 రోజులు కుదించే ఆలోచన రాదు. వదిలే కాలం జతకట్టే కాలానికి బాగా ముందు, మేత ఉన్నప్పుడు. వదిలాక అసలు లెక్క మొదలవుతుంది. తెచ్చిన గుర్రం బతకడం విజయం కాదు, దాని డీఎన్‌ఏ ఉన్న పిల్ల కని, ఆ పిల్లా కనాలి. తరానికి ఇలా నిజంగా కన్న వలస గుర్రం ఒక్కటున్నా, ఎఫ్‌ఎస్‌టీ విలువ (మందల మధ్య జన్యు దూరాన్ని కొలిచే అంకె) దాదాపు 0.2 దగ్గర ఆగి, మందలు ఒకదానికొకటి పూర్తిగా దూరం కాకుండా ఉంటాయి. రానున్న పదేళ్లలో పుట్టే ప్రతి పిల్ల వెంట్రుకా ల్యాబ్‌కు చేరాల్సింది ఇందుకే.

జన్యువులొక్కటే కాపాడలేవు

నమీబియాలో గారబ్ దగ్గర ఎడారి గుర్రాలు ప్రపంచంలోనే అతి తక్కువ జన్యు వైవిధ్యం ఉన్న మందల్లో ఒకటి. అయినా వాటిని నిజంగా కుదిపేసినవి కరువులు, ఆపైన 2012 తర్వాత మచ్చల హైనాలు. కొన్నేళ్లపాటు అక్కడ పిల్లలు దాదాపు నిలవలేదు. ఒక వయసు వర్గమే ఖాళీ అయింది. కెనడాలో సేబుల్ ఐలాండ్ గుర్రాలకు 1961 నుంచి చట్టరక్షణ ఉంది. వాటిని ముట్టకూడదన్నదే అక్కడి విధానం. కొత్త రక్తం అక్కడికి ఎవరూ తేరు. అలాంటి చోట వంశావళి, నమూనాలు చికిత్సకు కాక గమనించడానికే పనికొస్తాయి. మొదటే ఏ విధానమో తేల్చుకుని ఆ మేరకు డబ్బు, శ్రమ పెట్టాలి.

చిన్న మందకు నిర్వహణ పత్రం రాసేవాళ్లు మొదటి పేజీలోనే నాలుగు అంకెలు ఉంచితే బాగుంటుంది. కనీస తలల సంఖ్య, కంటున్న తండ్రుల సంఖ్య, మిగిలిన తల్లి వంశాల సంఖ్య, ఏ హెటిరోజైగోసిటీ దగ్గర బయటి గుర్రాన్ని తేవాలన్న హద్దు. ఆ నాలుగో అంకెను ముందే రాసి సంతకాలు చేయించుకోవాలి. మంద పడిపోయాక, తెచ్చే గుర్రం గురించి చర్చ మొదలుపెడితే, అనుమతులు, దాత మందతో ఒప్పందం, క్వారంటైన్ ముగిసేసరికి రెండు మూడు కాన్పుల కాలం గడిచిపోతుంది. ఆ లోపు పుట్టే పిల్లలన్నీ మిగిలిన కొద్దిపాటి తండ్రులవే అవుతాయి.